భూమి కింది గొట్టాలు: హైదరాబాద్ మురుగు, వరద నీటి లైన్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కాలనీ సమావేశాల్లో, వాన వెలిసిన మర్నాడు గుమ్మాల ముందు, ఏళ్ల తరబడి నన్ను అడిగిన ప్రశ్నలివి. ప్రతిసారీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. ఉదాహరణలన్నీ దాదాపు హైదరాబాద్‌వే. అయితే గొట్టాల స్వభావం ఏ ఊళ్లోనైనా ఒకటే కాబట్టి మిగతా పట్టణాల వారికీ ఉపయోగపడతాయి.

మురుగునీటి లైను, వరద నీటి కాలువ రెండూ ఒకటి కావా?

కావు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతామనే వారు ఇదొక్కటి చదవండి. వంటింటి తూము, బాత్రూము, మరుగుదొడ్డి నుంచి వెళ్లే నీళ్లు మురుగునీటి లైనులోకి పోవాలి. ఆ లైను శుద్ధి కేంద్రానికి చేరాలి. డాబా మీద, రోడ్డు మీద పడ్డ వాన నీళ్లు వరద కాలువలోకి, అక్కడి నుంచి నాలాలోకి, చెరువులోకి, చివరికి మూసీలోకి పోవాలి. రెంటికీ దారులు వేరు, కొలతలు వేరు, చేరే చోటు వేరు.

వాడుకలో రెండింటినీ "డ్రైనేజీ" అనేస్తాం. మాటలో కలిసినవి గొట్టాల్లోనూ కలిసిపోయాయి. మన నగరాల డ్రైనేజీ కష్టాల్లో చాలా భాగం ఈ కలయిక నుంచే పుట్టింది. మురుగు లైనులోకి వాన నీళ్లు వస్తే వీధి పొంగుతుంది. వరద కాలువలోకి మురుగు వస్తే చెరువు చస్తుంది.

హైదరాబాద్‌లో ఈ లైన్లు ఎంత పాతవి?

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఈ నగరం ఆలోచననే మార్చేసింది. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఆపడానికి ఎగువన జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. నగర మురుగు పారుదల మీద కూడా ఆయన సలహాలిచ్చారు. 1931 నాటికి భూగర్భ మురుగు వ్యవస్థ ఏర్పడింది. సుమారు 54 చదరపు కిలోమీటర్ల నగరానికి, 4.68 లక్షల జనాభాకు లెక్కవేసి కట్టినది అది.

పాత నగరం నడిబొడ్డున ఆ నాటి లైన్లు కొన్ని ఇంకా పనిచేస్తున్నాయి. కట్టిన వాళ్ల మీద నాకు అపారమైన గౌరవం. కాని ఒక్క అంతస్తు పెంకుటిళ్లకు వేసిన గొట్టానికి ఇప్పుడు ఐదంతస్తుల అపార్టుమెంట్లు తగిలించాం. గొట్టం వయసు మీద పడటం ఒక ఎత్తు, దాని మీద పడ్డ బరువు మరో ఎత్తు. ఇక 2007లో నగరంలో కలిసిన శివారు మున్సిపాలిటీల సంగతి వేరు. అక్కడ చాలా కాలనీల్లో ఇళ్లు ముందు వచ్చాయి, లైన్లు తరువాత వచ్చాయి. ఎవరికి వీలైన వాలులో వారు వేసుకున్నారు.

వాన పడగానే మా కింది అంతస్తు బాత్రూంలోకి మురుగు తన్నుకొస్తోంది. గొట్టం చిన్నదై ఉంటుందా?

కావచ్చు. కాని ముందు ఒక చిన్న లెక్క చేసి చూడండి.

200 చదరపు గజాల డాబా అంటే దాదాపు 167 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. గంటలో 20 మిల్లీమీటర్లు పడిందనుకుందాం. హైదరాబాద్ జడివానకు అది పెద్ద విషయం కాదు. ఆ గంటలో ఆ ఒక్క డాబా నుంచి దిగే నీళ్లు సుమారు 3,340 లీటర్లు.

ఇప్పుడు అదే ఇంట్లో ఐదుగురు ఉన్నారనుకోండి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే ఆ ఇంటి మురుగు రోజంతా కలిపి 540 లీటర్లు.

డాబా గొట్టాన్ని మురుగు చాంబరులోకి (ఇంటి మురుగు గొట్టాలు కలిసే గుంతలోకి) తిప్పిన ఇల్లు, ఆరు రోజుల మురుగును ఒక్క గంటలో లైనులోకి దించుతోందన్నమాట. వీధిలో అలాంటి ఇళ్లు పది ఉంటే ఏ గొట్టం ఆగుతుంది? నీటికి పోయే చోటు లేనప్పుడు అది వెనక్కి తిరిగి, అన్నిటికన్నా పల్లంలో ఉన్న మూత వెతుక్కుంటుంది. ఆ మూత మీ బాత్రూంలో ఉంది.

మా వీధిలో ఒకసారి పొగ పరీక్ష చేశారు. మ్యాన్‌హోల్‌లోకి హాని లేని పొగను పంపి, అది ఎక్కడెక్కడ బయటికి వస్తుందో చూసే పద్ధతి అది. గొట్టాల పగుళ్ల కోసం వెతుకుతుంటే, ముందుగా పొగ వచ్చింది డాబాల మీది వాన గొట్టాల నుంచి. ఏటా వానాకాలం పొంగుతోందని గట్టిగా అరిచే ఇళ్లే వాటిలో ఎక్కువ. వాళ్ల తప్పు కూడా కాదు. ఇల్లు కట్టిన మేస్త్రీ దగ్గరలో ఉన్న గుంతలోకి గొట్టం కలిపి వెళ్లిపోయాడు, ఎవరూ చెప్పలేదు.

మరి డాబా నీళ్లు ఎక్కడికి పంపాలి?

ముందు ఇంకుడు గుంతలోకి, నిండిన తరువాత పొర్లేది వీధి పక్కన వరద కాలువలోకి. వీధిలో వరద కాలువే లేకపోతే రోడ్డు మీదికైనా వదలండి గాని మురుగు చాంబరులోకి మాత్రం వద్దు. రోడ్డు మీద పారేది వట్టి వాన నీరు. చాంబరులోకి పంపితే అదే నీరు మలంతో కలిసి మీ ఇంటికో, పల్లంలో ఉన్న పొరుగింటికో వస్తుంది.

సిమెంటు గొట్టం గట్టిదే కదా, ఎందుకు పాడవుతుంది?

మురుగు గొట్టం అడుగున అరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆర్‌సీసీ (ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు) గొట్టం ఎక్కువగా పైనుంచి కరుగుతుంది. నీరు మెల్లగా కదిలే చోట, గాలి అందని అడుగు పొరలో పెరిగే సూక్ష్మజీవులు మురుగులోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. ఆ వాయువు పైకి లేచి, తడిగా ఉన్న గొట్టం కప్పును అంటుకుంటుంది. అక్కడ మరో రకం సూక్ష్మజీవులు దాన్ని గంధకామ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం సిమెంటును మెత్తని సున్నపు ముద్దలా చేస్తుంది, లోపలి ఇనుప చువ్వలు బయటపడతాయి, ఒక రోజు మీద లారీ పోతుంటే కప్పు దిగబడుతుంది.

అందుకే వాలు అంత ముఖ్యం. మురుగు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారితే తనను తాను శుభ్రం చేసుకుంటుంది. ఎనిమిది అంగుళాల గొట్టానికి ఆ వేగం రావాలంటే సుమారు 250 మీటర్లకు ఒక మీటరు వాలు ఉండాలి. వాలు తప్పి వేసిన గొట్టంలో ఇసుక పేరుకుంటుంది, నీరు నిలుస్తుంది, వాయువు పుడుతుంది. గొట్టం కొత్తదైనా పదేళ్లకే ముసలిదవుతుంది.

పాత కాలపు స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) గొట్టాలకు ఆమ్లం భయం లేదు. వాటి బలహీనత అతుకుల్లో ఉంది. చెట్ల వేర్లు ఆ సందుల్లోంచి దూరి లోపల జడలు కడతాయి.

రోడ్డు ఉన్నట్టుండి కుంగిపోవడానికీ దీనికీ సంబంధం ఉందా?

చాలాసార్లు ఉంటుంది. పగిలిన గొట్టంలోకి చుట్టూ ఉన్న మట్టి కొంచెం కొంచెంగా జారి కొట్టుకుపోతుంది. తారు కింద గుల్ల ఏర్పడుతుంది. పైకి ఏమీ తెలియదు. రోడ్డు మీద గిన్నెలా చిన్న పల్లం కనిపించి, మట్టి పోసి పూడ్చినా మళ్లీ మళ్లీ పడుతుంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ చోటు కింద గొట్టం పగిలి ఉండే అవకాశం ఎక్కువ.

నాలాల మీద కప్పిన శ్లాబులదీ ఇదే కథ. 2022 డిసెంబరులో గోషామహల్ చాక్నవాడిలో నాలా మీది శ్లాబు కూలి, సంత జరుగుతుండగా దుకాణాలు, వాహనాలు అందులో పడ్డాయి. నాలాను కప్పేస్తే కంటికి కనిపించదు, దుర్వాసన తగ్గుతుంది, మీద నాలుగు కొట్లు వెలుస్తాయి. శ్లాబు కింద ఇనుము తుప్పు పట్టడం మాత్రం ఆగదు. కప్పాల్సివస్తే దిగి చూడటానికి, యంత్రం దించడానికి మార్గాలు వదిలి కప్పాలి.

తవ్వకుండా లోపలి పరిస్థితి ఎలా తెలుస్తుంది?

ముందు జెట్టింగుతో, అంటే అధిక ఒత్తిడితో నీళ్లు చిమ్మి, గొట్టం కడిగి, చక్రాల మీద నడిచే చిన్న కెమెరాను లోపలికి పంపుతారు. ఎన్ని మీటర్ల దగ్గర పగులు ఉంది, ఎక్కడ అతుకు జరిగింది, ఎవరి దొంగ కనెక్షను పొడుచుకు వచ్చింది, అన్నీ తెర మీద కనిపిస్తాయి. వాటిని తీవ్రతను బట్టి వరుస పెడతారు. రంగు నీటి పరీక్ష ఇంకా చౌక. అనుమానం ఉన్న ఇంటి తూములో రంగు నీళ్లు పోసి, ఏ మ్యాన్‌హోల్‌లో తేలుతుందో చూస్తారు.

ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. కోట్ల రూపాయల కొత్త గొట్టాల కంటే ముందు మనకు కావాల్సింది నమ్మదగిన పటం. ఏ వీధిలో, ఎంత లోతులో, ఏ రకం గొట్టం, ఏ ఏడాది వేశారు, చివరిసారి ఎప్పుడు చూశారు అన్న లెక్క లేకుండా చేసే మరమ్మతు, చీకట్లో సూదిలో దారం ఎక్కించడమే. చాలా వీధుల్లో ఈ జ్ఞానం కాగితం మీద కాక పాత లైన్‌మెన్ల తలల్లో ఉంది. వాళ్లు పదవీ విరమణ చేసిన రోజున అదీ పోతుంది. ఆ లోపు వాళ్లను వెంటబెట్టుకుని తిరిగి రాసుకోవాలి.

రోడ్డు తవ్వకుండా పాత గొట్టాన్ని బాగుచేయవచ్చా?

చేయవచ్చు. పాత గొట్టంలోపల కొత్త గొట్టాన్ని పుట్టించే పద్ధతి ఒకటుంది, దాన్ని లైనింగ్ అంటారు. రెసిన్‌లో నానబెట్టిన మెత్తని గుడ్డ గొట్టాన్ని మ్యాన్‌హోల్ నుంచి లోపలికి పంపి, నీటి ఒత్తిడితోనో గాలితోనో ఉబ్బించి, వేడి నీళ్లు, ఆవిరి లేదా అతినీలలోహిత కాంతితో గట్టిపరుస్తారు. అతుకులు లేని కొత్త గోడ తయారవుతుంది. 1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు ఒక పాత ఇటుక మురుగు కాలువలో దీన్ని మొదటిసారి చేసి చూపించాడు. లోపలి కొలత కాస్త తగ్గినా, గోడ నున్నగా ఉండటం వల్ల పారుదల పెద్దగా తగ్గదు. మరో పద్ధతిలో పాత గొట్టాన్ని లోపలి నుంచే పగలగొడుతూ దాని వెనకే కొత్త గొట్టాన్ని లాగుతారు. అప్పుడు కొంత పెద్ద గొట్టం కూడా వేసుకోవచ్చు.

కాని లైనింగ్ అన్నిటికీ మందు కాదు. వాలు తప్పిన గొట్టానికి లోపల ఎంత మంచి పూత వేసినా వాలు రాదు. పూర్తిగా కూలిన చోట తవ్వక తప్పదు. ఇరుకు గల్లీల్లో, మెట్రో స్తంభాల పక్కన, రద్దీ కూడళ్లలో ఇది బంగారం లాంటి పద్ధతి. ఖాళీగా ఉన్న శివారు వీధిలో మాత్రం తవ్వి కొత్తది వేయడమే మేలు.

మా వీధి వరకు పెద్ద గొట్టం వేయిస్తే సరిపోదా?

ఎనిమిది అంగుళాల గొట్టం తీసి పన్నెండు అంగుళాలది వేస్తే, అదే వాలులో దాదాపు మూడు రెట్లు నీరు పారుతుంది. వినడానికి బాగుంది. ఆ నీరంతా వీధి చివర మళ్లీ ఎనిమిది అంగుళాల గొట్టంలోకే దిగాలంటే? మీ వీధి కష్టం తీసుకెళ్లి కింది వీధి వాళ్లకు అప్పగించినట్టే. పెంచడం ఎప్పుడూ దిగువ నుంచి మొదలవ్వాలి. ముందు అన్ని వీధుల మురుగునూ మోసే ట్రంక్ లైను, తరువాత దానిలో కలిసే లైన్లు, ఆఖరున మన వీధి. ఎన్నికల ముందు వేసే లైన్లలో ఈ వరుస తలకిందులవడం నేను చాలాసార్లు చూశాను. ఈసారి ఎవరైనా శంకుస్థాపనకు వస్తే కొబ్బరికాయ కొట్టేలోపు ఒక్క మాట అడగండి: "ఈ గొట్టం ఎందులో కలుస్తుంది, దాని కొలత ఎంత?"

ఏటా పూడిక తీస్తారు, అయినా ఏటా నిండుతుంది. ఎందుకు?

తీసిన పూడికను గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకు తిరిగి అందులోకే జారుతుంది. అది మొదటి కారణం. రెండోది, మనం వేసేవి. ఇల్లు కట్టేవారు రోడ్డు మీద పోసిన ఇసుక, కడిగిన సిమెంటు నీళ్లు గొట్టంలో రాయిలా బిగుస్తాయి. హోటళ్ల నూనె, వంటింటి జిడ్డు చల్లబడి గోడలకు అట్టకడతాయి. తడి తుడుపు కాగితాలు, శానిటరీ ప్యాడ్లు వాటికి చిక్కుకుంటాయి. హోటళ్లు, హాస్టళ్లు, అపార్టుమెంట్లు లైనులో కలిసే ముందు సిల్ట్ చాంబరు (ఇసుక, చెత్త అడుగున ఆగిపోయే గుంత) కట్టుకుని, దాన్ని వేళకు శుభ్రం చేయిస్తే సగం బాధ తప్పుతుంది. ఇంట్లో చేయగలిగింది, మిగిలిన నూనెను తూములో పోయకుండా ఉండటం.

మ్యాన్‌హోల్ మూసుకుపోయింది. జలమండలి (నగర నీటి, మురుగు బోర్డు) వాళ్లు రావడానికి ఆలస్యమవుతుంది. ఎవరినైనా పిలిచి దింపించవచ్చా?

వద్దు. ఎంత పొంగినా, ఎంత కంపు కొట్టినా, దిగడానికి వచ్చినవాడు తనంత తానే ఒప్పుకున్నా, వద్దు.

మూత తీయగానే వాసన వచ్చి, కాసేపటికి తగ్గితే గాలి ఆడిందని అనుకుంటారు. హైడ్రోజన్ సల్ఫైడు ఒక మోతాదు దాటితే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. వాసన తగ్గిందంటే ప్రమాదం తగ్గిందని కాదు, పెరిగిందని కావచ్చు. ఆ వాయువు గాలి కన్నా బరువైనది, అడుగున కూర్చుంటుంది. దిగినవాడు ఒకటి రెండు ఊపిరులకే కుప్పకూలతాడు. అతన్ని లాగుదామని రెండోవాడు దిగుతాడు, తరువాత మూడోవాడు. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు చనిపోయిన వార్తలు మనం ఎన్నోసార్లు చదివింది ఇందుకే. అగ్గిపుల్ల వెలిగించి చూడటం, తాడు కట్టి దించడం రక్షణ కాదు. లోపల మీథేను ఉంటే అగ్గిపుల్లే పేలుడుకు దారి తీస్తుంది.

చట్టం కూడా స్పష్టంగా ఉంది. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దింపడం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది అధికారులకే కాదు, పనికి పిలిచిన ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు కాలువలు శుభ్రం చేయించడాన్ని ఆపాలని ఆదేశించింది. ఈ మార్పుల వెనక పారిశుద్ధ్య పనివారి సంస్థ సఫాయి కర్మచారీ ఆందోళన్ దశాబ్దాల పోరాటం ఉంది. దానికి నాయకత్వం వహించిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టినవారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

మరి ఎలా శుభ్రం చేయాలి? పెద్ద రోడ్లలో జెట్టింగ్, పీల్చే యంత్రాలున్న లారీలు. వాటికి చోటు లేని గల్లీల కోసం 2017లో జలమండలి చిన్న జెట్టింగ్ వాహనాలను తెచ్చింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం సాయంతో, పారిశుద్ధ్య పనివారి కుటుంబాల వారినే ఆ వాహనాలకు యజమానులుగా చేసింది. నాకు ఎంతో నచ్చిన పని ఇది. గుంతలోకి దిగిన ఇంట్లోంచే వాహనం నడిపేవాడు రావడం చిన్న మార్పు కాదు. కేరళ యువ ఇంజనీర్లు తయారుచేసిన బాండికూట్ రోబో మ్యాన్‌హోల్ అడుగున ఉన్న చెత్తను చేతులతో తీసినట్టే తీస్తుంది.

రోడ్డు మీద నీళ్లు నిలిచాయి. మూత తీస్తే త్వరగా పోతాయి కదా?

నీళ్లు పోతాయి. మనిషీ పోవచ్చు. మోకాలి లోతు నీళ్లలో తెరిచిన మ్యాన్‌హోల్ కనిపించదు. మూత మీరు తీయకండి. ఎవరైనా తీసి ఉంటే పక్కన నిలబడి హెచ్చరించండి, కర్రకు ఎర్ర గుడ్డ కట్టి నిలపండి, వెంటనే ఫోను చేయండి.

ఇన్ని నాలాలున్నా నగరం ఎందుకు మునుగుతోంది?

మన దేశంలో పాత వరద కాలువలను సాధారణంగా గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకు లెక్కవేసి కట్టారని 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు చెప్పాయి. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు పడింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు. అంత వానను ఏ గొట్టమూ ఒక్కటే మోయలేదు.

పూర్వం ఆ భారం గొలుసుకట్టు చెరువులు మోసేవి. ఒక చెరువు నిండితే అలుగు పారి, నాలా మీదుగా కింది చెరువులోకి చేరేది. ప్రతి చెరువూ వరదను కాసేపు పట్టి ఉంచేది. చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) ఇళ్లు, నాలా మీద గోడలు వచ్చాక ఆ కాసేపు పోయింది. 2021లో మొదలైన వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమంలో సుమారు 985 కోట్ల రూపాయలతో మొదటి దశ పనులు చేపట్టారు. నాలాల వెడల్పు పెంచడం, పెట్టె కాలువలు కట్టడం, ఒక చెరువు నుంచి మరోదానికి దారి తెరవడం వీటిలో ఉన్నాయి. వీటిలో నేను అన్నిటికన్నా విలువైనదిగా చూసేది చివరిదే. కాంక్రీటు నాలా నీటిని వేగంగా కిందికి తోస్తుంది. చెరువు దాన్ని ఆపుతుంది. ఆపే చోటు లేకుండా తోసే దారే పెంచితే, మూసీ ఒడ్డున ఉన్నవారి మీదికి పోతుంది.

మురుగంతా శుద్ధి అవుతోందా?

2021లో లెక్క ఇలా ఉండేది: నగరంలో రోజుకు సుమారు 165 కోట్ల లీటర్ల మురుగు పుడుతుంటే, ఉన్న కేంద్రాల సామర్థ్యం 77.2 కోట్ల లీటర్లు. సగానికన్నా తక్కువ. అందులో అంబర్‌పేట కేంద్రం ఒక్కటే 33.9 కోట్ల లీటర్లది. ఆ ఏడాదే 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త కేంద్రాలు మంజూరయ్యాయి. వాటి మొత్తం సామర్థ్యం రోజుకు దాదాపు 126 కోట్ల లీటర్లు.

కేంద్రం కట్టడం సగం పని. మురుగు అక్కడికి చేరాలి కదా. గొట్టం పగిలి దారిలో నాలాలోకి కారిపోతే ఎంత పెద్ద కేంద్రమైనా ఖాళీగా తిరుగుతుంది. ఆ గొట్టంలోకే వాన నీళ్లు కలిస్తే, వానాకాలంలో కేంద్రం తట్టుకోలేక మురుగును అలాగే వదిలేయాల్సి వస్తుంది. హుస్సేన్‌సాగర్‌కు మురుగు మోసుకొచ్చే కూకట్‌పల్లి నాలా కథ అంతా ఇదే.

విజయవాడ 2024లో మునిగింది కూడా డ్రైనేజీ వల్లేనా?

కాదు. ఆ సెప్టెంబరులో సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచింది బుడమేరు గట్లకు పడిన గండ్లు. గొట్టాలు ఎంత బాగున్నా అది ఆగేది కాదు. అయితే ఆ నీరు రోజుల తరబడి ఇళ్ల మధ్య నిలిచిపోవడంలో నేల పల్లం, దిగువకు పోయే దారులు చాలకపోవడం రెండూ ఉన్నాయి.

ఫిర్యాదు ఎవరికి, ఎలా చేయాలి?

హైదరాబాద్‌లో మురుగు పొంగడం, మ్యాన్‌హోల్ మూత విరగడం, తాగునీటిలో మురుగు కలవడం జలమండలి పని. నంబరు 155313. 2021 అక్టోబరు నుంచి శివారు సర్కిళ్ల మురుగు లైన్లు కూడా వారి చేతికే వచ్చాయి. వరద కాలువలు, నాలాలు మున్సిపల్ కార్పొరేషన్‌వి. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల శుభ్రతకు దేశవ్యాప్త నంబరు 14420. ఎవరైనా మనిషిని గుంతలోకి దింపుతుంటే కనిపించినా దీనికి చేయవచ్చు. మీ ప్రహరీ లోపలి గొట్టం, చాంబరు మీరే చూసుకోవాలి.

ఫిర్యాదులో మ్యాన్‌హోల్ ఏ ఇంటి ఎదుట ఉందో ఇంటి నంబరుతో చెప్పండి. పొంగేది మురుగా, వట్టి వాన నీరా, వాన లేని రోజుల్లోనూ పొంగుతుందా అన్నది తప్పకుండా రాయండి. ఎండాకాలంలోనూ పొంగితే లైను మూసుకుపోయిందని అర్థం. వానలోనే పొంగితే వాన నీళ్లు ఎక్కడో కలుస్తున్నాయని అర్థం. మొదటిదానికి జెట్టింగ్ వాహనం చాలు, రెండోదానికి వీధిలో ఇంటింటా డాబా గొట్టాలు చూడాలి. ఆ చూసే పని మార్చి, ఏప్రిల్ నెలల్లోనే పెట్టుకోండి. ఆదివారం పొద్దున నలుగురు కలిసి, ఒక్కో ఇంటి డాబా మీద బకెట్టు రంగు నీళ్లు పోసి, మురుగు చాంబరు మూత తీసి చూస్తే ఒక వీధి ఒక్క పూటలో తేలిపోతుంది.